తాడు మీద ఎవరూ నిలబడని చోటు

"ఆవిడ కోసం వెళ్తావా? నీ కూతురికి కిరసనాయిలు అటుకులు పెట్టిన ఆవిడ కోసం?"

అత్త చేట కింద పెట్టలేదు. చెరుగుతూనే ఉంది. ఉప్పునీళ్ళలో నానిన బియ్యం ఎన్ని ఎండలు చూసినా వాసన పోలేదు. కోళ్ళు కూడా వచ్చి ఒకసారి ముక్కుతో పొడిచి, ఛీ అన్నట్టు వెళ్ళిపోతున్నాయి. అయినా అత్త పారబొయ్యదు.

"సేబతి అక్క కోసం కాదత్తా. తుఫాను షెల్టర్ వంటపనిలో చెయ్యి పెట్టినవాళ్ళందర్నీ భువనేశ్వర్ దీదీ రమ్మంది. ఏం జరిగిందో కూర్చుని మాట్లాడుకుందామంది. మళ్ళీ గాలివాన వస్తే..."

"ఏం జరిగిందో నీకు తెలీదా? ఊరికి తెలీదా? గాలొచ్చింది, నీళ్ళొచ్చాయి, పోయాయి. దానికో సభ!"

"సభ కాదట. ఆటలు ఆడిస్తుందట."

అత్త చేట ఆగింది.

"ఆటలా? విన్నావటే టికిలీ! గింజలు కుళ్ళిపోయి మీ నాయనమ్మ ఏడుస్తుంటే, మీ అమ్మ తొక్కుడుబిళ్ళ ఆడటానికి పోతుందట."

టికిలి చాప మీద కూర్చుని చెంచాతో నేల కొడుతోంది. నేను పక్కకి వంగి దాని వీపు మీద చెయ్యి వేశాను. ఆస్పత్రి నుంచి తెచ్చిన దగ్గర్నుంచీ నా చెయ్యి ఊరుకోవడం లేదు. కిరసనాయిలు ఊపిరితిత్తుల్లోకి పోతే దగ్గు ఎప్పుడైనా తిరగబెట్టవచ్చని డాక్టరు చెప్పాడు. ఆ 'ఎప్పుడైనా' అన్న మాట నన్ను నిలబడనివ్వదు, కూర్చోనివ్వదు.

ఫోను మోగింది. సూరత్ నుంచి మా ఆయన బైధర్. మగ్గాల చప్పుడు మధ్య నుంచి అరుస్తున్నాడు. నాకంటే ముందు అత్త అందుకుంది.

"ఒరే, నీ పెళ్ళానికి చదువు ఎక్కువైంది. ఎనిమిదో తరగతికే ఇంత! ఇంకా చదివించి ఉంటే మనల్ని కోర్టుకి ఈడ్చేది."

ఫోను నా చేతికొచ్చింది.

"జెమా, వెళ్తే వెళ్ళు. ఓ మూల కూర్చో. పెట్టిన టీ తాగు. నోరు మాత్రం తెరవకు."

"ఎవరైనా అడిగితే?"

"దగ్గు."

నవ్వించాలని అన్నాడు. దగ్గు మాట వింటేనే నా గుండె జారుతుందని సూరత్‌లో ఉన్నవాడికి ఏం తెలుస్తుంది?

కొంగు సర్దుకుని టికిలిని ఎత్తుకోబోయాను. అత్త ముందే లాక్కుంది.

"పిల్లని ఆ షెల్టర్ మెట్లెక్కనివ్వను. నువ్వు పో. కాని ఒక మాట విను." గొంతు తగ్గించింది. అత్త గొంతు పెంచితే భయం లేదు. తగ్గిస్తేనే భయం. "లక్ష్మివారం సాయంత్రం ఈ గుమ్మం ముందు ఏం మాట్లాడుకున్నామో అది ఇంటి మాట. ఇంటి మాట ఊళ్ళో పడితే, తిరిగొచ్చే దారి నువ్వే చూసుకో."

*

ఆ సాయంత్రం నేను ఇంట్లోనే ఉన్నాను.

గుమ్మం నుంచి ధాన్యం గాదె దాకా బియ్యప్పిండితో లక్ష్మి పాదాలు పెట్టి ఉన్నాయి. మార్గశిరం, లక్ష్మివారం, లక్ష్మి ఇంటికొచ్చే రోజు. పీట మీద కొత్త ధాన్యం నింపిన మానిక, పక్కన దీపం. బయట గాలి అప్పటికే కొబ్బరి మట్టల్ని విరుస్తోంది. మైకులో అందరూ షెల్టర్‌కి రండని అరుస్తున్నారు.

సేబతి అక్క తలకి ఎర్ర తువ్వాలు చుట్టుకుని, ఖాళీ గోనెసంచితో గుమ్మం ముందు నిలబడింది. షెల్టర్ వంటకి పెద్ద ఆవిడే. మైకు పిలవగానే ఇంటికో మానెడు బియ్యం ఇవ్వాలని అందరం కలిసి అనుకున్నదే.

"ఇవాళ లక్ష్మివారం సేబతీ," అంది అత్త. "ఇవాళ గింజ గడప దాటదు. రేపు రా. మానెడు కాదు, కుండెడు ఇస్తాను."

సేబతి అక్క ముగ్గు వైపు చూసింది. ఒక్క మాట అనలేదు. వెళ్ళిపోయింది.

తెల్లారేసరికి ఆ కుండెడు గింజలూ ఉప్పునీళ్ళలో ఉన్నాయి. షెల్టర్‌లో పిల్లలు ఆకలికి గోల చేస్తే, సేబతి అక్క చీకట్లో తడుముకుని సామాన్ల గదిలోంచి అటుకుల బస్తా తెచ్చి పంచింది. పక్కనే పంపుసెట్టు కిరసనాయిలు డబ్బా ఒరిగి అటుకుల్లోకి కారిందని ఆ చీకట్లో ఆవిడకి తెలియలేదు. వాంతులైన పిల్లల్లో నా టికిలి ఒకతె.

కోపం లేదా అంటే ఉంది. ఆ చేతుల మీద ఉంది. ఆ చేతులు ఖాళీగా ఎందుకు వెళ్ళాయో తెలిసిన దాన్ని కూడా నేనే.

*

షెల్టర్ పైహాలులో స్మృతి దీదీ వల తాడొకటి ఈ స్తంభం నుంచి ఆ స్తంభం దాకా నేల మీద పరిచింది. భువనేశ్వర్ నుంచి వస్తుంది ఆవిడ. వంట ఏర్పాటుకి మొదటి నుంచీ మా వెంట తిరిగింది ఆవిడే. చెప్పులు విడిచి, చీర కుచ్చిళ్ళు దోపుకుని, మాతో పాటే నేల మీద కూర్చుంది.

"ఆ కొస మైకు మొదటిసారి అరిచిన పూట. ఈ కొస నీళ్ళు తీసిన పూట. మధ్యలో మన తుఫాను. ఎవరికి ఎక్కడ ఊపిరాడలేదో అక్కడికి వెళ్ళి నిలబడండి. కాగితాలు లేవు, రాయక్కర్లేదు."

"మాకు మోకాళ్ళు లేవు, నిలబడక్కర్లేదు," అంది మా వీధి గెల్హి పిన్ని. హాలంతా నవ్వింది.

"ఇంకొక్కటి. ఇక్కడ 'ఎవరు' అన్న మాట లేదు. 'ఎవరు చేశారు, ఎవరి తప్పు' వద్దు. ఏం జరిగింది, ఎప్పుడు, ఎందుకు, ఇంతే. 'ఎవరు' అన్నవాళ్ళు పాట పాడాలి."

"ఎవరు పాడాలి?" అంది గెల్హి పిన్ని వెంటనే. పట్టుబడి, నాట్ల పాట ఒక చరణం ఎత్తుకుంది. పాడటానికే అన్నదని అందరికీ తెలుసు. నాకు కూడా నవ్వొచ్చింది. చాలా రోజుల తర్వాత.

లేచి నిలబడ్డారు. కొందరు గాలి హోరెత్తిన చోట. కొందరు నీళ్ళు మెట్లెక్కిన చోట. నేను టికిలిని ఆస్పత్రి పడవ ఎక్కించిన చోట నిలబడ్డాను. అరికాలి కింద తాడు గరుగ్గా ఉంది. ఒక్కొక్కరూ చెప్పారు. నా వంతుకి తల అడ్డంగా ఊపాను. ఆవుని వదిలేసి వచ్చిన మాట చెబుతూ ఒకామె ఏడ్చింది, పక్కనున్న ఆమె ఆ చెయ్యి పట్టుకుంది.

అప్పుడు దీదీ తాడు వెంట నడిచింది. నడుస్తూ నడుస్తూ ఒక చోట ఆగింది.

"ఇక్కడ ఇంకెవరూ లేరేం?"

లక్ష్మివారం సాయంత్రం. మైకు పిలిచాక, చీకటి పడకముందు. తాడు మీద ఆ ముక్కంతా దాదాపు ఖాళీ. అక్కడ సేబతి అక్క ఒక్కతే నిలబడి ఉంది, తల దించుకుని, చేతిలో ఎర్ర తువ్వాలు నలుపుకుంటూ.

"అక్కడ ఆమే ఉండాలి," అన్నాడు దండపాణి బాబు వెనక కుర్చీలోంచి. షెల్టర్ కమిటీ పెద్ద ఆయన. "బియ్యం పోగెయ్యడం ఆమె పని. తేలేదు. పిల్లలకి విషం పెట్టింది. నా మనవడు చావుదాకా వెళ్ళొచ్చాడు. దానికి సమాధానం ఎవరు చెప్తారు?"

"పాట! పాట!" అన్నారెవరో వెనక నుంచి.

ఆయన పాడలేదు. మేమూ నవ్వలేదు.

"సేబతీ, ఆ పూట ఏం జరిగింది?" అని అడిగింది దీదీ.

"తిరిగాను దీదీ. దొరకలేదు."

"ఎందుకు దొరకలేదు?"

సేబతి అక్క తలెత్తి మా అందరినీ ఒక్క చూపు చూసింది. మళ్ళీ దించుకుంది. "దొరకలేదు, అంతే."

ఆ ఇంటి పేరు చెప్పదు. నా వైపు వేలు చూపించదు. ఆవిడ అలా ఊరుకుంటుంటే నాకు ఒళ్ళంతా చీమలు పాకినట్టయింది. నేను ఒక్క మాట చెబితే ఆవిడ ఈ నిందలోంచి బయటపడుతుంది. ఆ ఒక్క మాటతో నేను ఎక్కడ పడతానో?

మెట్ల మీద చెప్పుల చప్పుడు. టికిలి ఏడుపు.

అత్త.

"పిల్ల గుక్కపట్టింది. తల్లేమో ఇక్కడ తాడాట ఆడుతోంది," అంటూ టికిలిని నా చేతుల్లో పడేసింది. పిల్ల నా భుజం మీద ముక్కు తుడుచుకుని వెంటనే ఊరుకుంది. గుక్కపట్టిన పిల్లలా లేదు. అత్త వెళ్ళనూ లేదు, నాకు ఎదురుగా గోడకి ఆనుకుని, నా నోటికి కాపలా కూర్చుంది.

*

"అయితే మాటలొద్దు. ఆడి చూద్దాం," అంది దీదీ. "ఒకళ్ళ పని ఇంకొకళ్ళు చెయ్యాలి. బియ్యం అడగడానికి వెళ్ళిన మనిషి కావాలి. ఇప్పుడే వచ్చారుగా, పెద్దావిడ మీరు రండి."

"నేనా? నాకు ఆటలేం తెలుసమ్మా?"

"లేవే నిశామణీ!" అంది గెల్హి పిన్ని. "పెళ్ళిళ్ళలో వియ్యపురాళ్ళని ఏడిపించడం తెలుసుగాని ఇది తెలీదా?"

నలుగురూ చప్పట్లు కొట్టారు. చప్పట్లు వింటే మా అత్త కూర్చోలేదు. లేచింది. దీదీ సేబతి అక్క చేతిలోని ఎర్ర తువ్వాలు తీసి అత్త తలకి చుట్టింది.

"మీరు సేబతి. మరి ఇంటావిడ..." దీదీ చుట్టూ చూసింది. పొద్దుట్నుంచీ ఒక్క మాటా మాట్లాడని దాన్ని నేనే. "జెమా, నువ్వు."

దీదీకి ఏమీ తెలియదు. తెలిస్తే అలా చేసేది కాదు.  టికిలిని చంకన సర్దుకుని తాడుకి అటువైపు నిలబడ్డాను.

అత్త స్తంభం మీద వేలితో కొట్టింది. "ఇంట్లో ఎవరున్నారు? గాలొస్తోంది, షెల్టర్‌లో పొయ్యి పెట్టాలి. మానెడు బియ్యం పెట్టు తల్లీ."

'పెట్టు' అంటూ నా కళ్ళలోకి చూసింది. ఆ చూపు నాకు అర్థమైంది. ఇచ్చేసెయ్, ఆట అయిపోతుంది, ఇంటికి పోదాం.

ఇచ్చినట్టు చెయ్యి చాస్తే చాలు. అందరూ నవ్వుతారు. సేబతి అక్క బియ్యం దొరికి కూడా వండని మనిషి అవుతుంది. టికిలి వేళ్ళు నా గొలుసు పట్టుకున్నాయి. దాని వీపు మీద నా చెయ్యి పైకీ కిందకీ కదులుతోంది, ఊపిరితో పాటు.

నా రెండో చెయ్యి నడుం మీదికి వెళ్ళింది. గడ్డం కాస్త పైకి లేచింది.

"ఇవాళ లక్ష్మివారం సేబతీ," అన్నాను. "ఇవాళ గింజ గడప దాటదు. రేపు రా. మానెడు కాదు, కుండెడు ఇస్తాను."

హాలు గొల్లుమంది. "అచ్చం నిశామణే! అదే గొంతు!" అని ఎవరో తొడ చరిచారు.

తర్వాత ఆ నవ్వు మెల్లగా చచ్చిపోయింది. ఒకళ్ళ తర్వాత ఒకళ్ళకి అర్థమవుతూ వచ్చింది. సేబతి అక్క మొహం చేతుల్లో దాచుకుంది.

అత్త కదలలేదు. ఎర్ర తువ్వాలు కింద మొహం నల్లబడింది. చెంప పగులుతుందనుకుని పిల్లని రెండో వైపుకి మార్చుకున్నాను.

అత్త గిర్రున తిరిగింది. నా వైపు కాదు, గెల్హి పిన్ని వైపు.

"ఒసే గెల్హీ! నేను సేబతిని. నీ గుమ్మం ముందున్నాను. మానెడు బియ్యం పెట్టు."

"నేను ఆటలో లేనుగా..."

"ఊరంతా ఆటలోనే ఉంది. పెట్టు!"

గెల్హి పిన్ని నోట్లో వక్కపలుకు అటూ ఇటూ తిరిగింది. "మా ఇంట్లో మాత్రం లక్ష్మివారం కాదేమిటే?" అంది చివరికి, దాదాపు వినపడకుండా.

అత్త ఆగలేదు. పక్క మనిషి. ఆ పక్క మనిషి. తాడు పొడుగునా ఒక్కొక్కరి ముందూ నిలబడి, స్తంభం లేకపోతే తన అరచేతినే తలుపులా కొట్టి అడిగింది. "పెట్టు తల్లీ. నువ్వు? నువ్వేమన్నావు?" ఒకామె కొంగు నోట్లో కుక్కుకుంది. ఒకామె, "మా మామగారు పూజలో ఉన్నారు," అంది. ఒకామె, "తలుపు వెనక నిలబడి లేనట్టు ఊరుకున్నాను," అని ఏడ్చేసింది.

"నేను ఇవ్వకపోతే ఏం, ఊరంతా ఇస్తుంది కదా అనుకున్నానే," అంది గెల్హి పిన్ని. "అందరూ ఇస్తారు, నేనొక్కదాన్నే కదా అని."

నేనూ అలాగే అనుకున్నాను. ఇన్ని రోజులూ, మా గుమ్మం ఒక్కటే మూసుకుందని.

దీదీ, "ఈ ఏర్పాటు వైశాఖంలో చేసుకున్నాం. నేనూ ఉన్నాను," అంది. "బియ్యం షెల్టర్‌లో పెడితే ఎలుకలు తింటాయి, ఇళ్ళలోనే ఉంచుదామన్నాం. ఆ రోజు మనలో ఎవరికైనా మార్గశిరం గుర్తొచ్చిందా?"

ఎవరికీ గుర్తు రాలేదు. లక్ష్మి పాదాలు పుట్టినప్పట్నుంచీ పెడుతున్న చేతులే అందరివీ. అయినా గాలివాన వారం చూసుకుని రాదన్న సంగతి ఎవరికీ తట్టలేదు.

ఇక గోల మొదలైంది. కార్తీకంలోనే బియ్యం తెచ్చి పెడదామని ఒకరు. రేకు డబ్బాలు కొందామని ఒకరు. బుధవారం బుధవారం ఇద్దామని ఒకరు. "లక్ష్మి వచ్చే ముందు రోజు ఇల్లు ఖాళీ చేస్తారటే?" అని ఇంకొకరు. దీదీ మొహంలో వెలుగొచ్చింది. ఇదే కావాలన్నట్టు ఒక్కో మాటా మళ్ళీ అడిగి చెప్పించుకుంటోంది.

దండపాణి బాబు కుర్చీ వెనక్కి జరిపాడు.

"ఆట బాగుంది దీదీ. కాని ఆటలో అన్న మాట చెల్లదు. రేపు పొద్దున్న కమిటీ కూర్చుంటుంది. 'సేబతి వచ్చింది, మేమే ఇవ్వలేదు' అని ఇంటి పెద్దలు వచ్చి తమ నోటితో చెప్పాలి. చెబితే సరే. లేదంటే సేబతిని తీసేస్తాం, కిరసనాయిలు సంగతి పోలీసులకి చెప్తాం. నా మనవడి వాంతులు ఆట కాదు."

 అందరి కళ్ళూ ఒక్క చోటికే పోయాయి. వీధిలో పెద్దది మా అత్త. ఆవిడ నోరు తెరిస్తే మిగిలినవాళ్ళు తెరుస్తారు. ఆవిడ తెరవకపోతే ఎవరూ తెరవరు.

 అత్త నా దగ్గరికొచ్చి, నా చంకలోంచి టికిలిని తీసుకుని, మెట్లు దిగి వెళ్ళిపోయింది.

*

దారి పొడుగునా ముందు అత్త, వెనక నేను. తలకి ఆ ఎర్ర తువ్వాలు అలాగే ఉంది. మరిచిపోయిందో, కావాలనే తియ్యలేదో. వలలు బాగుచేసుకుంటున్న మగవాళ్ళు చూసి, "సేబతి బరువెక్కిందిరోయ్!" అని నవ్వారు. మామూలుగా అయితే వాళ్ళ ఏడు తరాలూ కడిగేసేది. తల కూడా తిప్పలేదు.

"అత్తా," అన్నాను. "పిల్ల బరువు. నాకివ్వండి."

పిల్లని రెండో భుజం మీదికి మార్చుకుంది.

"అత్తా, తిట్టండి. కొట్టండి పోనీ."

నడక వేగం పెరిగింది. ఇల్లు చేరేసరికి నేను పరుగెడుతున్నాను. నా కాలు అరుగు మీద పడేలోపు తలుపు మూసుకుంది. గడియ పడింది.

"అత్తా! పిల్లకి మందు వెయ్యాలి!"

లోపల టికిలి 'అమ్మా' అంటోంది. ఒకసారి దగ్గింది. పొడి దగ్గు. నా అరచేతులు తలుపుని కొడుతున్నాయి.

"అత్తా, దగ్గుతోంది!"

"వినపడుతోంది." గొంతు తలుపుకి ఆనుకునే ఉంది. తగ్గించిన గొంతు. "నా గొంతు బాగా వచ్చు నీకు. నా చెయ్యి, నా గడ్డం, అన్నీ వచ్చు. చెప్పు మరి. రేపు కమిటీలో నిలబడి నేనేమంటాను? నువ్వే చెప్పు. చెబితే తీస్తాను."

ఎండ నా వీపు మీద మండుతోంది. వీధిలో షెల్టర్ నుంచి వస్తున్న ఆడవాళ్ళు ఒక్కొక్కరే ఆగుతున్నారు. సేబతి అక్క కూడా ఉంది. దగ్గరికి రాలేదు.

'మేమే ఇవ్వలేదు అంటారు' అని చెబితే గడియ తీస్తుందా, ఇంకా గట్టిగా బిగిస్తుందా? 'అనరు' అని చెబితే, రేపు నిజంగానే అనకుండా ఊరుకోవడానికి నేనే మాట ఇచ్చినట్టవుతుందేమో? లోపల దగ్గు మళ్ళీ మొదలైంది.

"మీరేమంటారో నాకు తెలీదత్తా," అన్నాను. "ఆ పూట సేబతి అక్క ఏమీ అనకుండా వెళ్ళిపోయింది. నేను వెళ్ళను. అదొక్కటే తెలుసు."

గడియ కదిలిన చప్పుడైంది. సగంలో ఆగిపోయింది.

లోపల టికిలి దగ్గు కూడా ఆగిపోయింది. ఎందుకు ఆగిందో ఇవతల నిలబడ్డ నాకు తెలియలేదు.